అమ్మమ్మకు ముప్పై రోజులు

బాంగ్‌కాక్ వెళ్ళివచ్చానని చెప్పగానే మిత్రులు అడిగే మొదటి ప్రశ్న "మరకత బుద్ధుణ్ణి చూశారా?" అని. రెండవది "నదిలో పడవ ఎక్కారా?" అని. ఈ రెండింటికీ నేను తల వంచుకోవలసిందే. 2024 వేసవిలో నాలుగు వారాలు ఆ మహానగరంలో ఉండి నేను నిదానంగా చూసినది ఒక ప్రభుత్వ కచేరీని. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. మా అమ్మను వెంటబెట్టుకుని మరీ చూశాను. గుళ్ళను గురించీ గోపురాలను గురించీ వ్రాసేవారు చాలామంది ఉన్నారు గనుక, నేను ఆ కచేరీ ముచ్చటే చెబుతాను.

మా చెల్లెలూ, దాని భర్తా ఉద్యోగరీత్యా ఆ ఊళ్ళో కాపురముంటున్నారు. చెల్లాయికి తొలి కాన్పు. అంత దూరం ప్రయాణం చెయ్యవద్దని డాక్టరు అన్నది. పిల్ల పుట్టింటికి రాలేనప్పుడు పుట్టిల్లే పిల్ల దగ్గరకు పోవాలి గదా! అందుచేత అరవై ఏడేళ్ళ మా అమ్మ, జన్మలో మొదటిసారిగా పాస్‌పోర్టు పుచ్చుకుని, కాయం ముద్దలూ, సాంబ్రాణీ, పాత నూలు చీరల బొంతలూ సర్దుకుని, మా ఇంటావిడ తోడు రాగా ఏప్రిల్ 2వ తేదీన సువర్ణభూమి విమానాశ్రయంలో దిగింది. మా ఇంటావిడ నాలుగు రోజులుండి తిరిగి వచ్చేసింది.

ఆ రోజులలో మనవాళ్ళు వీసా లేకుండానే వెళ్ళి 30 రోజులు ఉండవచ్చు. 2023 నవంబరు 10 నుంచి ఆ సదుపాయం కల్పించారు. కాని పురుడు పోయడానికి వెళ్ళే మనిషికి 30 రోజులు ఏ మూలకు? అందుకని అమ్మకు ముందుగానే 60 రోజుల టూరిస్టు వీసా తీసుకున్నాం. డాక్టరు చెప్పిన తేదీ మే 6. అక్కడినుంచి ఇరవై ఒకటో రోజు మే 26. ఆ రోజు పిల్లను ఉయ్యాలలో వేసి పేరు పెట్టుకోవడం, 28న విమానం ఎక్కడం. అమ్మ గడువు మే 31 వరకూ ఉన్నది. నేను కాలేజీ సెలవులలో మే 10కి వెళ్ళి, ఆ ముచ్చట చూసి, అమ్మను తీసుకురావాలి. లెక్క ఎంత కుదురుగా ఉన్నదో చూడండి!

అయితే మా మేనకోడలికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. అది వారం రోజులు ఆలస్యంగా, మే 13న, ఆపరేషన్ చేస్తేగాని బయటకు రాలేదు. దానితో ఇరవై ఒకటో రోజు జూన్ 2కు జరిగింది. అమ్మ గడువు మాత్రం మే 31 దగ్గరే నిలబడి ఉన్నది. మధ్యన తేడా రెండు రోజులు.

రెండు రోజులే అయితే పేరు పెట్టడం ముందుకు జరుపుకోవచ్చు. అసలు చిక్కు అది కాదు. కోత పడిన పిల్ల ఇంకా వంగి గ్లాసు తీసుకోలేకపోతున్నది. అల్లుడి సెలవు అయిపోయింది. రాత్రిళ్ళు పసిదాన్ని భుజాన వేసుకుని నడుస్తున్నది అమ్మే. "28న ప్రయాణం కదమ్మా" అని నేనొక రాత్రి గుర్తు చేశాను. చెల్లాయి ఒక్క మాట అనలేదు. పిల్లను అమ్మ చేతికిచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నది. నేను ఆ తర్వాత ప్రయాణం మాట ఎత్తలేదు.

మర్నాడు మా చెల్లెలి భర్త తన ఆఫీసులో నలుగురినీ విచారించుకుని వచ్చాడు. "బావగారూ, రెండు దారులున్నాయట. గడువు దాటితే రోజుకు 500 బాట్లు జరిమానా. రెండు రోజులకు 1,000. విమానాశ్రయంలో కట్టేసి పోవచ్చును. పద్ధతి ప్రకారం పొడిగింపు అడిగితే రుసుము 1,900 బాట్లు. రెండు రోజులకైనా, నెలకైనా అంతే" అన్నాడు.

ఇది విని నాకు నవ్వు వచ్చింది. తప్పు చేస్తే 1,000, ఒప్పు చేస్తే 1,900! మన డబ్బులో చెప్పాలంటే ఆనాడు 1,900 బాట్లు నాలుగు వేల మూడు వందల రూపాయల పైమాట. మధ్యతరగతి బుద్ధి ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? అమ్మను అడిగాను. ఆవిడ పసిదానికి ఒంటికి నూనె రాస్తూ, "ఉండమన్న నాళ్ళు ఉంటేనే చుట్టం. ఆ తర్వాత ఉంటే ఏమంటార్రా?" అన్నది. ఆ ఒక్క మాటతో 1,000 బాట్ల దారి మూసుకుపోయింది.

తర్వాత తెలుసుకుంటే అమ్మ మాటే వ్యవహారజ్ఞానం కూడాననిపించింది. ఆ జరిమానా 20,000 బాట్ల వరకు పెరుగుతుంది. తనంతట తాను విమానాశ్రయానికి వచ్చినవాడు 90 రోజులకు మించి అదనంగా ఉండి ఉంటే ఏడాదిపాటు ఆ దేశంలో అడుగుపెట్టనివ్వరు. గడువు దాటిన మనిషి దారిలో పోలీసులకు చిక్కితే వ్యవహారం మరీ ముదురుతుంది. ఒక్క రోజు దాటినా సరే, అయిదేళ్ళు నిషేధం. 2016 మార్చి 20 నుంచి ఈ కట్టుబాటు అమలులోకి తెచ్చారు. రెండో మనవడికో మనవరాలికో పురుడు పోయవలసిన అమ్మమ్మ అటువంటి పందెం కాయవచ్చునా?

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఇది నాకూ అప్పటిదాకా తెలియదు. మనం "వీసా పొడిగించుకోవడం" అంటాం గాని, పొడిగించేది వీసాను కాదు. వీసా అనేది గుమ్మందాకా వచ్చి తలుపు తట్టడానికి అనుమతి. లోపల ఎన్నాళ్ళు ఉండవచ్చునో చెప్పేది విమానాశ్రయంలో కొట్టిన ముద్ర. అమ్మ పాస్‌పోర్టులో వీసా కాగితం మీద ఒక గడువు ఉన్నది, ముద్రలో మరొకటి ఉన్నది. కాగితం మీది తేదీ చూసి నిశ్చింతగా కూర్చుని, ముద్ర మీది తేదీ దాటబెట్టుకున్నవాళ్ళు ఉన్నారట. లెక్కకు వచ్చేది ముద్రే. వచ్చిన రోజును కూడా ఒక రోజు కింద కట్టి లెక్కవేస్తే ఏప్రిల్ 2 నుంచి అరవయ్యో రోజు సరిగ్గా మే 31. పుట్టిన రోజును మొదటి రోజు కింద కట్టుకునే మన అమ్మమ్మల లెక్కా ఇదే గదా!

సరే, మే 22, బుధవారం పోదామనుకున్నాం. తీరా చూస్తే ఆ రోజు విశాఖ బూచా, అంటే వైశాఖ పూజ. బుద్ధ పూర్ణిమ. కచేరీలన్నింటికీ సెలవు. అమ్మ మన కాలెండరు తీసి చూసి, "ఇదేమిటిరా, పున్నమి రేపు గదా!" అని ఆశ్చర్యపోయింది. నిజమే, మన పంచాంగం ప్రకారం ఆ యేడు బుద్ధ పూర్ణిమ 23న. వాళ్ళ పున్నమి ఒక రోజు ముందే వచ్చింది. పోనీ 23న వెళదామంటే, అది పసిదానికి పదకొండో రోజు. పురిటి స్నానం. ఆ రోజు అమ్మను ఇల్లు కదల్చడం రాజాజ్ఞకు కూడా సాధ్యం కాదు. అందుచేత 24, శుక్రవారం బయలుదేరాం.

మా చెల్లెలి ఇల్లు బాంగ్‌ఖేన్ పేటలో. అక్కడ 'వాట్ ఫ్రా సీ మహాథాట్' అనే స్టేషను ఉన్నది. పలకడంలో అలా నలిగిపోయింది గాని, అది మన 'శ్రీ మహాధాతు' శబ్దం. అక్కడినుంచి గులాబీరంగు రైలు ఎక్కాలి. స్తంభాల మీద ఒకే ఒక్క దూలం, ఆ దూలాన్ని పట్టుకుని నడిచే రైలు. 2023 నవంబరులో జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. దాని దారిలో 'రాజభట్' అని ఒక స్టేషను. తెలుగు చెప్పి పొట్టపోసుకునేవాడికి ఆ ఊళ్ళో బోర్డులు చదవడమే ఒక పండుగ. ఏప్రిల్‌లో అమ్మ మేడ మీదినుంచి చూసిన నీళ్ళ పండుగ 'సొంగ్‌క్రాన్' కూడా మన సంక్రాంతి శబ్దమేనని చెబితే, "సంక్రాంతికి నీళ్ళు పోసుకోవడమేమిట్రా, జలుబు చెయ్యదూ?" అన్నది.

ప్రభుత్వ కార్యాలయాల సముదాయం పేరనే ఒక స్టేషను ఉన్నది. దిగి టాక్సీ కట్టించుకుని వెళ్ళాం. చేంగ్ వట్టనా రోడ్డు మీద ఉన్న ఆ సముదాయాన్ని కచేరీ అనడానికి నోరు రాదు. అదొక ఊరు. విదేశీయుల వ్యవహారం చూసే శాఖ 'బి' భవనంలో ఉన్నది. ఆ భవనం అసలు పేరు విన్నప్పుడు నేను అక్కడే నిలబడిపోయాను. 'రట్ఠ ప్రసాసన ఫక్డీ'. అనగా రాష్ట్ర ప్రశాసన భక్తి! మన దేశంలో ఎన్ని కచేరీల మెట్లు ఎక్కి దిగానో లెక్కలేదు గాని, భక్తి అనే మాట పేరులో ఉన్న కచేరీని మాత్రం మరెక్కడా చూడలేదు.

ఆ శాఖ పేరుకు వాళ్ళ భాషలో అర్థం 'ఊళ్ళోకి వచ్చేవారిని పరీక్షించేది' అని. పోలీసువారి అధీనంలోనిది. ఆ పేరులోని రెండక్షరాలనే పొడిగా తీసి ప్రతి ఫారానికీ తగిలిస్తారు. పొడిగింపు కోరే ఫారం పేరు టీ.ఎం.7. దానికి నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల ఎత్తు ఫొటో ఒకటి అంటించాలి. పాస్‌పోర్టులో బొమ్మ ఉన్న పేజీ, వీసా పేజీ, ప్రవేశ ముద్ర ఉన్న పేజీ నకళ్ళు జతచెయ్యాలి. ప్రతి నకలు మీదా దరఖాస్తుదారు సంతకం ఉండాలి. ఫొటో తీసే దుకాణం, నకళ్ళు తీసే దుకాణం, భోజనశాల అన్నీ ఆ భవనంలోనే ఉన్నాయి గనుక బయట పరుగులు పెట్టనక్కరలేదు.

అమ్మ తెలుగులో సంతకం చేస్తుంది. ఒక్కొక్క అక్షరమూ ముగ్గు వేసినట్లు గుండ్రంగా దిద్దుతుంది. పక్క బల్ల దగ్గర ఫారం నింపుకుంటున్న ఒక యూరపు ముసలాయన ఆ సంతకం చూసి అది థాయ్ లిపి అనుకున్నాడు. ఆయన పొరబాటు అంత పెద్దదేమీ కాదు. పల్లవుల లిపి ఖ్మేరు దేశం మీదుగా వెళ్ళి థాయ్ లిపి అయింది. మన లిపి కదంబుల, చాళుక్యుల చేతులలో పెరిగి మన దగ్గరకు వచ్చింది. వెనక్కు పోతే రెండూ దక్షిణాది బ్రాహ్మీ సంతతే, దాయాదులు.

ఫారంలో ఒకచోట 'పొడిగింపు కోరడానికి కారణం' అని ఒక గీత ఉన్నది. నేను రెండో ఆలోచన లేకుండా 'విహారయాత్ర' అని ఇంగ్లీషులో వ్రాశాను. టూరిస్టు వీసా గదా, అందరూ అదే వ్రాస్తున్నారు.

"ఏం వ్రాశావురా?" అన్నది అమ్మ.

చెప్పాను.

"నేను విహారానికి వచ్చానా?"

"అది మాటవరసకేలే అమ్మా. అలా వ్రాస్తారు."

"మాటవరసకు వ్రాసినదాని కింద నా చేత సంతకం పెట్టిస్తావా? ఈ రెండు నెలలలో నేను చూసినదేమిటి? ఆస్పత్రి చూశాను, కూరల బజారు చూశాను, మేడ మీది బట్టల తీగ చూశాను. పిల్ల పురిటికి వచ్చానని వ్రాయి."

ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత వ్యాసాలు వ్రాయిస్తున్నవాణ్ణి, అమ్మ చేతిలో దిద్దించుకోవలసి వచ్చింది. 'ఇక్కడ నివసిస్తున్న కుమార్తెకు ప్రసవమైనది, ఆమెతో ఉండుటకు' అని పక్కనే చేర్చాను. వ్రాశాను గాని మనసులో పీకుతూనే ఉన్నది. టూరిస్టు వీసా మీద వచ్చి ఇలా వ్రాస్తే, మీరు విహారానికి రాలేదు గనుక దయచేయండి అంటారేమోనని.

కాని ఆ రోజు వ్యవహారం కారణందాకా రానే లేదు. కాగితాలు సరిచూసి టోకెను ఇచ్చే బల్ల దగ్గర ఒక అమ్మాయి అన్నీ తిరగవేసి, "టీ.ఎం.30?" అన్నది. ఆ మాట నేను వినడం అదే మొదలు. థాయిలాండ్‌లో 1979లో చేసిన చట్టం ప్రకారం, విదేశీయుడు ఎవరి ఇంట్లో దిగితే ఆ ఇంటి యజమాని 24 గంటలలోగా పోలీసు శాఖకు తెలియజెయ్యాలి. హోటళ్ళలో దిగినవారికి హోటలువారే ఆ పని చేస్తారు గనుక యాత్రికులకు ఈ సంగతి తెలియదు. ఇళ్ళల్లో దిగినప్పుడే తంటా. మా చెల్లెలి భర్త ఇంటావిడ చెప్పి ఉంటుందనుకున్నాడు. ఇంటావిడ అద్దెకున్నవాళ్ళే చూసుకుంటారనుకున్నది. అమ్మ రెండు నెలలుగా ఆ ఊళ్ళో ఉన్నదన్న సంగతి ఆ ఊరికి తెలియదు!

ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఒక చిన్న కాగితం మీద 'ఇంటి యజమాని, ఇంటి పత్రం నకలు, గుర్తింపు కార్డు నకలు' అని వ్రాసి ఇచ్చి, రెండు చేతులూ జోడించింది. అమ్మ కూడా నమస్కారం పెట్టింది. ఆ దేశంలో మన నమస్కారం ఎక్కడా అనువాదం లేకుండా చెల్లుతుంది. కాని నమస్కారాలతో గడువు పెరగదు. శని, ఆదివారాలు సెలవు. మిగిలినవి సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులు.

ఆ ఇంటావిడకు డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కింది వాటాలో ఒంటరిగా ఉంటుంది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. చెల్లాయికి థాయ్ నాలుగు ముక్కలు వచ్చు. మిగిలినది ఫోనులో అనువాదం. ఆలస్యానికి జరిమానా పడేది ఆవిడకే, చట్టంలో 2,000 బాట్ల దాకా ఉన్నది. అందుచేత అడగడానికి నాకు నోరు రాలేదు. శనివారం ఉదయం అమ్మే మనవరాలిని ఎత్తుకుని కిందికి దిగింది. నేను వెనకాల ఫోను పట్టుకుని నిలబడ్డాను.

ఇంటావిడ పసిదాని పాదాలు ముట్టుకుని చూసింది. సాంబ్రాణి వాసన పట్టి, ఏదో గుర్తుకు వచ్చినట్లు నవ్వి, గబగబా చెప్పుకుపోయింది. పూర్వం వాళ్ళలో కాన్పు అయిన ఆడది కొన్నాళ్ళపాటు నిప్పు పక్కన పడుకునేదట. దానిని వాళ్ళు 'నిప్పు దగ్గర ఉండటం' అంటారు. మన పురిటి గది కుంపటి లేదూ, అదే. నెల నిండినప్పుడు పసిబిడ్డకు పుట్టు వెంట్రుకలు తీసి వేడుక చేస్తారు. ఆ వెంట్రుకలకు 'నిప్పు వెంట్రుకలు' అని పేరు. "నెల నిండకుండా తల్లి వెళ్ళిపోవడమేమిటి?" అని ఆవిడ చెల్లాయిని గద్దించింది, తప్పంతా దానిదే అయినట్లు. తర్వాత తేదీలు లెక్కపెట్టి, సోమవారం తనే వస్తానన్నది.

మే 27, సోమవారం. ఎనిమిదిన్నరకు తలుపులు తీస్తారు. మేము ఎనిమిదికే అక్కడ ఉన్నాం. అప్పటికే వరుస తీరి ఉన్నది. వీపున మూటలు కట్టుకున్న కుర్రకారు, థాయ్ భార్యలను ముందు పెట్టుకుని వెనక నిలబడిన తెల్లదొరలు, కాగితాల కట్టలతో ఏజెంట్లు. ముందుగా ఇంటావిడ టీ.ఎం.30 దాఖలు చేసింది, జరిమానా కట్టింది, రశీదు తెచ్చి మా కాగితాల మీద పెట్టింది. నేను డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "నా ఇల్లు. నా తప్పు" అన్నది ఇంగ్లీషులో.

టోకెను వచ్చింది. పిలుపు రావడానికి గంటన్నర పట్టింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజన విరామం గనుక, ఈలోగా పిలుస్తారా లేదా అని బోర్డు మీది అంకెలు చూస్తూ కూర్చున్నాం. అమ్మ మాత్రం అంకెలు చూడలేదు. పసిదానికి పాలవేళ అయిందా అని గోడ గడియారం చూసింది.

బల్ల అవతల ఉన్న అధికారికి నలభై ఏళ్ళు ఉంటాయి. పాస్‌పోర్టు, ముద్ర, నకళ్ళు, తెలుగు సంతకాలు వరుసగా చూశాడు. కారణం వ్రాసిన గీత దగ్గర ఆగాడు. నా గుండె కూడా ఆగింది. 'విహారయాత్ర' అన్న మాట మీద కలం పెట్టి, పక్కన చేర్చినది చదివి, తలెత్తి అమ్మను చూశాడు. "పిల్లకు ఈవిడ ఏమవుతుంది?" అని ఇంగ్లీషులో అడిగాడు. "గ్రాండ్‌మదర్" అన్నాను. "తండ్రి తల్లా, తల్లి తల్లా?" అన్నట్లు ఏదో అడగబోయి, ఇంగ్లీషులో మాట దొరకక చెయ్యి అటూ ఇటూ తిప్పాడు.

వెనకనుంచి ఇంటావిడ ఒకే ఒక్క మాట అన్నది: "యాయ్."

ఆయన ముఖం విప్పారింది. "ఆ, యాయ్!" అన్నాడు.

థాయ్ భాషలో తండ్రి తల్లి 'యా', తల్లి తల్లి 'యాయ్'. నాయనమ్మ వేరు, అమ్మమ్మ వేరు. తండ్రి తండ్రి 'పూ', తల్లి తండ్రి 'తా'. మన 'తాత'లో సగం! ఆ పోలిక యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఆ క్షణంలో నాకు చుట్టరికంలాగే కనిపించింది. ఫారం ఇంగ్లీషులోనూ థాయ్‌లోనూ ఉన్నా అందులో అమ్మమ్మకు గడి లేదు. టూరిస్టుకే గడి ఉన్నది. గడిలో లేని మనిషిని ఆ మాట తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టింది.

ఆయన ఇక ఏమీ అడగలేదు. అమ్మను కెమెరా వైపు చూడమని, ఫొటో తీసి, 1,900 బాట్లు పుచ్చుకుని రశీదు ఇచ్చాడు. రశీదు మీద సంవత్సరం 2567 అని ఉన్నది. అది బుద్ధ శకం. మన అంకెకు 543 కలుపుకోవాలి. "అన్నేళ్ళు ముందున్నారన్నమాట! అందుకే పున్నమి కూడా ముందే వచ్చింది" అన్నది అమ్మ. కాసేపటికి పాస్‌పోర్టు చేతికి వచ్చింది. కొత్త ముద్రలో గడువు 2024 జూన్ 30. మేము దరఖాస్తు పెట్టిన రోజునుంచి కాదు, పాత గడువు ముగిసిన మర్నాటినుంచి 30 రోజులు లెక్కకట్టారు. గడువు తీరకముందు నాలుగు రోజుల నాడు వెళ్ళినా ఒక్క రోజైనా నష్టపోలేదు. ఇది వెళ్ళేవారు గుర్తుంచుకోదగిన సంగతి.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషను పక్కనే ఉన్న శ్రీ మహాధాతు ఆలయం చూద్దామని అమ్మే అన్నది. "విహారయాత్ర అని వ్రాశావు గదా, అదికూడా అబద్ధం కాకూడదు" అన్నది. 1942లో కట్టిన ఆలయమది. తెల్లటి స్తూపం, మధ్యాహ్నపు ఎండకు కళ్ళు తెరవనివ్వటంలేదు. మొన్నటి పున్నమికి పెట్టిన తామరమొగ్గలు వాడి ఉన్నాయి. ఇద్దరు వృద్ధులూ చెప్పులు విడిచి, ఒకరి భాష ఒకరికి తెలియకుండా, పది నిమిషాలు పక్కపక్కన కూర్చున్నారు. అమ్మ ఆ దేశంలో చేసిన విహారం అంతా ఆ పది నిమిషాలే.

జూన్ 2న పేరు పెట్టుకున్నాం. నా ముద్ర గడువు జూన్ 8. కాలేజీ తెరిచే వేళ కూడా అయింది. "నువ్వు పదరా, నెల నిండాక నేనే వస్తాను" అన్నది అమ్మ. పక్క ఊరికి కూడా ఎవరో ఒకరు తోడు లేకుండా కదలని మనిషి! అల్లుడు టిక్కెట్టు మార్పించాడు. జూన్ 13న మనవరాలికి నెల నిండింది. వెంట్రుకలు మన ఆచారం ప్రకారం ఏడాది దాటాకనే గనుక తియ్యలేదు. ఇంటావిడ మాత్రం తెల్లని దారం ఒకటి తెచ్చి పసిదాని మణికట్టుకు కట్టి వెళ్ళిందట. 15న అమ్మ ఒంటరిగా విమానమెక్కింది.

వెళ్ళదలచినవారికి ఒక మాట. ఈ నియమాలు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటాయి. అమ్మ తిరిగి వచ్చిన నెలకే, 2024 జూలై 15న, మన దేశంతో సహా 93 దేశాలవారికి వీసా లేకుండా 60 రోజుల బస ప్రకటించారు. 2025 మే 1 నుంచి ప్రయాణానికి ముందే ఆగమన పత్రం ఇంటర్నెట్టులో నింపాలన్నారు. కనుక నేను చెప్పిన రోజులూ రుసుములూ ఆ వేసవినాటివిగా గ్రహించి, బయలుదేరే ముందు విచారించుకోవాలి. మారనివి రెండు: ముద్ర మీది తేదీ స్వయంగా చదువుకోవడం, మీరు దిగిన ఇంటివారు మీ రాకను తెలియజేశారో లేదో మొదటి రోజే అడగడం.

శంషాబాదు విమానాశ్రయంలో అమ్మ బండి తోసుకుంటూ బయటకు వచ్చింది. ముఖంలో ఎక్కడా బెదురు లేదు. కారులో కూర్చోగానే సంచిలోనుంచి పాస్‌పోర్టు తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ ముద్ర నాకు చూపించింది.

"జూన్ 30 దాకా ఇచ్చారు గదరా. ఇవాళ 15. ఇంకా పదిహేను రోజులు మిగిలాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు వాడుకోవచ్చా?"

"కుదరదమ్మా. దేశం దాటగానే ఆ అనుమతి పోతుంది. తిరిగి రావాలనుకుంటే బయలుదేరే ముందే 1,000 బాట్లు కట్టి పునఃప్రవేశ అనుమతి తీసుకోవాలి" అన్నాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. పాస్‌పోర్టు మూసి, చీర కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకున్నది.

"అయితే వాళ్ళు నాకు పదిహేను రోజులు బాకీ" అన్నది.